మాదిరి లెక్కలు – కంప్యూటరుకు పెట్టవలసిన పరీక్షలు

బొగ్గు బాయిలో పనిస్థలమునకు చేరిన వెంటనే అనుభవము గల కార్మికులు చేయు పని యొకటి కలదు. ఇనుప కడ్డీతో గ్యాలరీ కప్పును తట్టి, ఆ శబ్దమును శ్రద్ధగా విందురు. రాయి గట్టిగా మ్రోగినచో కప్పు దృఢముగా ఉన్నదనియు, బోలుగా మ్రోగినచో పొర వదలినదనియు గ్రహింతురు. ఇది తరతరముల అనుభవము నేర్పిన పరీక్ష. అయితే ఇంకను త్రవ్వని గ్యాలరీ కప్పును తట్టి చూచుట ఎట్లు? రాబోవు సంవత్సరము త్రవ్వబోవు చోట రాయి ఎంత బరువు మోయవలసి వచ్చునో ఈనాడే తెలిసికొనుట ఎట్లు?

ఈ ప్రశ్న సింగరేణి ప్రాంతపు విద్యార్థులకు దూరపు ప్రశ్న కాదు. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలములోని గోలేటి, సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రము. అక్కడి నుండి దక్షిణముగా రామగుండము, గోదావరిఖని మీదుగా కొత్తగూడెము, ఇల్లెందుల వరకు ప్రాణహిత–గోదావరి లోయలోని పురాతన శిలల నడుమ బొగ్గు పొరలు వ్యాపించి ఉన్నవి. 2003 అక్టోబరులో గోదావరిఖని 8-ఏ గనిలో కప్పు కూలి పదిమంది మరణించిరి. 2022 మార్చిలో రామగుండము ప్రాంతములోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిరి. కప్పును గురించి ముందుగా తెలిసికొనుట అనునది ఇక్కడ పుస్తకపు ముచ్చట కాదు, ప్రాణములకు సంబంధించిన విషయము.

గనిని త్రవ్వి, కూలునో లేదో చూచి, మరల త్రవ్వుట సాధ్యము కాదు గదా! కావున ఇంజనీర్లు గనికి ఒక గణిత ప్రతిరూపమును నిర్మించి, దానిని కంప్యూటరులో త్రవ్వి చూతురు. దీనినే ‘అనుకరణ’ అందురు. కంప్యూటరు తెర మీద ఎరుపు, పసుపు, నీలము రంగులతో అందమైన చిత్రము వచ్చును. ఎరుపు ఉన్న చోట భారము ఎక్కువ, నీలము ఉన్న చోట తక్కువ అని చెప్పుదురు. ఆ చిత్రమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ వ్యాసములో మనము చర్చించునది ఆ ఒక్క ప్రశ్ననే.

దానికి సమాధానము పాఠశాలలో మనకు తెలిసినదే. లెక్కల పుస్తకములో అభ్యాసమునకు ముందు ‘మాదిరి లెక్క’ ఉండును. దాని జవాబు ముందుగానే తెలియును. మనము దానిని స్వయముగా చేసి, ఆ జవాబే వచ్చినచో పద్ధతి తెలిసినదని ధైర్యపడి తక్కిన లెక్కలకు పోవుదుము. కంప్యూటరు ప్రోగ్రాముల విషయములోను ఇదే నియమము. జవాబు తెలిసిన మాదిరి లెక్కను ముందుగా దాని చేత చేయింపవలెను. అందులో నెగ్గిన తరువాతనే జవాబు తెలియని లెక్కను దానికి అప్పగింపవలెను.

పెద్ద వస్తువు, చిన్న గడులు

కంప్యూటరుకు కొండను, గనిని ఒక్కసారిగా చూచు శక్తి లేదు. దానికి తెలిసినది కూడికలు, తీసివేతలు, గుణకారములు, భాగహారములు మాత్రమే. కాబట్టి మనము వస్తువును చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడికిని దాని పొరుగు గడులతో గల సంబంధమును సమీకరణముగా వ్రాయుదుము. గడులు వేలు, లక్షలు ఉండును. అన్ని సమీకరణములు ఒకేసారి తృప్తి చెందువరకు కంప్యూటరు లెక్కించుచునే ఉండును.

ఈ ఆలోచన కంప్యూటరు కంటె పాతది. 1910లో ఇంగ్లండు శాస్త్రవేత్త ల్యూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, రాతి ఆనకట్టలోని ప్రతిబలములను ఈ విధముగా గడులు గీసి లెక్కించెను. (ప్రతిబలము అనగా ఒక చదరపు మీటరు వైశాల్యము మీద పనిచేయు బలము.) ఆయనకు కంప్యూటరు లేదు. కూలి ఇచ్చి కుర్రవాండ్ర చేత లెక్కలు చేయించెను. చేసిన లెక్కను బట్టి కూలి, తప్పు చేసిన లెక్కకు కూలి లేదు! నేటి కంప్యూటరు ఆ కుర్రవాండ్రు వారము రోజులలో చేసిన పనిని రెప్పపాటులో చేయును. కాని దాని లెక్కలలోని తప్పును కనిపెట్టి కూలి తగ్గించు భారము నేటికిని మన మీదనే ఉన్నది.

కాగితము మీద చేయదగిన మాదిరి లెక్క

ఒక చతురస్రపు లోహపు పలకను తీసికొందము. దాని పై అంచును 100 డిగ్రీల వద్ద, తక్కిన మూడు అంచులను 0 డిగ్రీల వద్ద ఉంచితిమి. చాలసేపటికి పలక లోపల ఉష్ణోగ్రతలు మారక స్థిరపడును. అవి ఎంతెంత?

స్థిరపడిన తరువాత ప్రతి బిందువు ఉష్ణోగ్రతయు దాని చుట్టునున్న నాలుగు బిందువుల సగటునకు సమానముగా ఉండునని గడుల లెక్కలోని నియమము. పలక లోపల రెండు వరుసలలో రెండేసి చొప్పున నాలుగు బిందువులు గుర్తింపుము. అన్నిటికిని మొదట 0 వ్రాయుము. పై బిందువునకు పొరుగున ఉన్నవి పై అంచు 100, పక్క అంచు 0, పక్క బిందువు, క్రింది బిందువు. మొదటి చుట్టులో పై బిందువులు రెండును 25 అగును, క్రిందివి 0 గానే ఉండును. రెండవ చుట్టులో పైవి 31.25, క్రిందివి 6.25. మూడవ చుట్టులో పైవి 34.375, క్రిందివి 9.375. ఇట్లు పోగా పోగా పైవి 37.5 వద్ద, క్రిందివి 12.5 వద్ద నిలిచిపోవును. ప్రతి చుట్టునకును మిగిలిన తేడా సగము అగుట గమనింపదగినది. పెద్ద ప్రోగ్రాము చేయు పని అంతయు స్థూలముగా ఇదియే. మొదటి చుట్టుతోనే ఆపివేసినచో 37.5 రావలసిన చోట 25 మాత్రమే కనిపించునని మరువరాదు. ‘లెక్క స్థిరపడినదా?’ అనునది కంప్యూటరును అడుగవలసిన మొదటి ప్రశ్న.

లెక్క స్థిరపడినంత మాత్రాన జవాబు నిజమైనదని అనవచ్చునా? ఇక్కడ మాదిరి లెక్క ఉపయోగపడును. పలక నట్టనడుమ ఉష్ణోగ్రత ఎంతో ఏ లెక్కయు లేకుండ చెప్పవచ్చును. ఇటువంటి పలకలు నాలుగింటిని ఊహింపుము. ఒకదానికి పై అంచు, ఇంకొకదానికి క్రింది అంచు, మిగిలిన వానికి ఎడమ, కుడి అంచులు 100 డిగ్రీలు. నాలుగింటి ఉష్ణోగ్రతలను కలిపినచో అన్ని అంచులును 100 డిగ్రీలుగా ఉన్న పలక అగును. అట్టి పలక లోపల అంతటను 100 డిగ్రీలే. నడిమి బిందువు నాలుగు పలకలలోను ఒకే విధముగా ఉన్నది కాబట్టి ఒక్కొక్క దాని వాటా 25 డిగ్రీలు. ఇది తిరుగులేని జవాబు.

ఇప్పుడు మూడు వరుసలలో మూడేసి చొప్పున తొమ్మిది బిందువులతో లెక్క చేయుము. నడిమి బిందువు సరిగా 25 వచ్చును. పరీక్షలో నెగ్గినట్లేనా? తొందరపడరాదు. దాని పై బిందువునకు ఇదే లెక్క 52.68 చూపును. గణితశాస్త్రమున ఫోరియర్ శ్రేణి అను పద్ధతితో కట్టిన నిజమైన విలువ 54.05. ఒక డిగ్రీకి పైగా తేడా ఉన్నది. అంతే కాదు, పలకకు ఒకే ఒక్క బిందువు పెట్టి లెక్కించినను, 100, 0, 0, 0ల సగటు 25 గదా, నడిమి జవాబు సరిపోవును! సౌష్ఠవము వలన నడిమి బిందువు ఎట్టి మోటు లెక్కలోనైనను సరిగానే వచ్చును. కాబట్టి అది లెక్క మంచిచెడ్డలను బయటపెట్టు పరీక్ష కాదు. తప్పు బయటపడుటకు అవకాశమున్న చోటనే పరీక్షింపవలెను. గడి పొడవును సగము చేసినచో పై బిందువు వద్ద తేడా సుమారు నాలుగవ వంతునకు తగ్గును. అట్లు తగ్గుచున్నదా లేదా అని చూచుటయే అసలైన పరీక్ష.

గుండ్రని రంధ్రపు లెక్క

ఇక గనిలోనికి దిగుదము. ఘనపు మీటరు ఇసుకరాయి బరువు సుమారు 2.5 టన్నులు అనుకొందము. 200 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీద 500 టన్నుల రాతి బరువు ఉన్నదన్నమాట. త్రవ్వక ముందు ఈ బరువును రాయి అంతయు సమముగా మోయుచున్నది. ఒక సొరంగము త్రవ్వగానే అక్కడి రాయి మోయుచున్న భారమును ప్రక్కనున్న రాయి మోయవలెను. ప్రవాహమునకు అడ్డముగా స్తంభము ఉన్నచో నీరు ప్రక్కలకు ఒత్తుకొని పోవునట్లు, భారము సొరంగము ప్రక్కలకు ఒత్తుకొని పోవును.

సొరంగము గుండ్రముగా ఉండి, చుట్టునున్న రాయి పగుళ్లు లేని స్థితిస్థాపక పదార్థమైనచో, ఆ భారము ఎక్కడ ఎంత ఉండునో జర్మను ఇంజనీరు కిర్ష్ 1898లోనే సూత్రముగా ప్రకటించెను. నేడు ప్రపంచమంతటను రాతి ఇంజనీర్లు వాడు ‘ఫ్లాక్’ అను ప్రోగ్రాముతో వచ్చు పుస్తకములలో మాదిరి లెక్కలలో ఒకటిగా ఇదే లెక్క ఉన్నది.

పై నుండియు ప్రక్కల నుండియు సమానముగా 500 టన్నుల చొప్పున భారమున్నదనుకొందము. రంధ్రపు గోడ వద్ద, గోడ వెంబడి పనిచేయు ప్రతిబలము దానికి సరిగా రెండింతలు, అనగా 1000 టన్నులు. కేంద్రము నుండి వ్యాసార్ధమునకు రెట్టింపు దూరములో 625, మూడు రెట్ల దూరములో 556, అయిదు రెట్ల దూరములో 520, పది రెట్ల దూరములో 505 టన్నులు. ఇక రంధ్రపు కేంద్రము వైపునకు పనిచేయు ప్రతిబలము గోడ వద్ద సున్న. అక్కడ రాయిని ఎదురొత్తునది గాలి తప్ప ఏమియు లేదు గదా! అవే దూరములలో అది 375, 444, 480, 495 అగును. ఈ రెండింటిని ఏ దూరమున కూడినను 1000 వచ్చుట విశేషము. సూత్రము తెలియని విద్యార్థి కూడ ఈ మొత్తమును చూచి కంప్యూటరు జవాబును పరీక్షింపవచ్చును.

ప్రక్కల నుండి భారమే లేక పై నుండి మాత్రమే 500 టన్నులు ఉన్నచో కథ మారును. ప్రక్క గోడల వద్ద మూడింతలు, అనగా 1500 టన్నుల నొక్కుడు. కప్పు వద్ద 500 టన్నుల లాగుడు! రాయి నొక్కుడును బాగుగా ఓర్చుకొనును. లాగుడును ఓర్చుకొనలేదు, సాధారణముగా దాని లాగుడు బలము నొక్కుడు బలములో పదవ వంతు మాత్రమే. ప్రక్క భారము పై భారములో మూడవ వంతు ఉన్నచో కప్పు వద్ద లాగుడు సరిగా సున్న అగును. ప్రక్క భారమునకు మనము ఏ అంకె ఇచ్చెదమో దానిని బట్టి కప్పు క్షేమమో కాదో మారిపోవుచున్నది. ఆ అంకెను కంప్యూటరు కనిపెట్టదు. గనిలో కొలిచి మనమే ఇయ్యవలెను.

అంచు ఎంత దూరము? గడి ఎంత చిన్నది?

కిర్ష్ సూత్రములోని రాయికి అంతము లేదు. కంప్యూటరులో అంతులేని రాయిని పెట్టలేము. ఎక్కడనో ఒక చోట అంచు గీయవలెను. 2 మీటర్ల వ్యాసార్ధము గల రంధ్రము చుట్టు గుండ్రముగా అంచు గీసి, ఆ అంచు మీద 500 టన్నుల భారమును మోపితిమనుకొందము. అంచు 6 మీటర్ల దూరములో ఉన్నచో గోడ వద్ద 1000 బదులు 1125 టన్నులు వచ్చును. 10 మీటర్ల దూరములో పెట్టినచో 1042, 20 మీటర్ల దూరములో పెట్టినచో 1010. ఇవి ప్రోగ్రాము తప్పులు కావు. మందమైన గొట్టములను గురించి ఫ్రెంచి గణితజ్ఞుడు లామే కట్టిన సూత్రము కూడ ఈ జవాబులనే ఇచ్చును. కంప్యూటరు మనము అడిగిన దానికి సరిగానే జవాబు చెప్పినది. మనము అడిగిన ప్రశ్నయే వేరు! అంతులేని రాతిని గురించి అడుగుచున్నామని తలచి, సన్నని గొట్టమును గురించి అడిగితిమి.

గడుల విషయము ఇంకను సూక్ష్మమైనది. ఇటువంటి ప్రోగ్రాములలో చాలవరకు ప్రతిబలమును గోడ వద్ద గాక గడి లోపల లెక్కించును. లెక్క అంతయు నిర్దుష్టముగా జరిగినదనియే అనుకొందము. గోడను ఆనుకొని ఉన్న గడి మందము 2 మీటర్లైనచో దాని నడుమ ప్రతిబలము 722 టన్నులు మాత్రమే. మందము అర మీటరైనచో 895, ఇరువది సెంటీమీటర్లైనచో 954. గోడ వద్ద నిజముగా ఉన్నది 1000. మోటు గడులు అపాయమును తక్కువ చేసి చూపుచున్నవన్నమాట. మాదిరి లెక్క చేయని వానికి ఈ సంగతి తెలియదు. 722ను చూచి, రాయి 900 వరకు ఓర్చుకొనును కాబట్టి భయము లేదని అతడు నిశ్చింతగా ఉండును.

గడులను మరీ చిన్నవి చేసినచో లెక్కకు పట్టు కాలము, కావలసిన జ్ఞాపకశక్తి పెరిగిపోవును. మూడు కొలతలు గల లెక్కలో గడి పొడవును సగము చేసినచో గడుల సంఖ్య ఎనిమిది రెట్లు అగును. కాబట్టి గోడ వద్ద చిన్న గడులు, దూరముగా పెద్ద గడులు ఉంచుదురు. ఎంత చిన్నవి చాలునో నేర్పునదియు మాదిరి లెక్కయే.

సూత్రము లేని చోట

గోలేటి ప్రాంతమున ఓపెన్‌కాస్ట్ గనులు కూడ ఉన్నవి. అక్కడ ప్రశ్న కప్పును గురించి కాదు, ‘ఓబీ’ అని పిలుచు మట్టి గుట్టల వాలును గురించి. దీనికి సులభమైన మాదిరి లెక్క కలదు. పొడి ఇసుక కుప్పలో రేణువుల ఘర్షణ కోణము 35 డిగ్రీలు, కుప్ప వాలు 30 డిగ్రీలు అయినచో, జారుటను ఆపు బలము జార్చు బలమునకు 1.21 రెట్లు. ఇది రెండు కోణముల టాంజెంట్ల నిష్పత్తి, 0.700ను 0.577తో భాగించగా వచ్చినది. కుప్ప ఎత్తు పది మీటర్లైనను, వంద మీటర్లైనను ఈ నిష్పత్తి మారదు. కంప్యూటరులో ఎత్తు మార్చి చూడగా జవాబు మారినచో లోపమెక్కడనో వెదుకవలెను. వాన నీరు ఇంకిన మట్టి లెక్క వేరు. అది తరువాతి మెట్టు.

గనిలో గాలి ప్రవాహము వంటి కొన్ని సమస్యలకు పూర్తి సూత్రమే లేదు. అట్టి చోట, ఎందరో జాగ్రత్తగా చేసి సరిచూచిన జవాబులతో పోల్చుదురు. నాలుగు గోడల చతురస్రపు పెట్టెలో ద్రవమును నింపి, మూతను మాత్రము ఒక ప్రక్కకు లాగుచుండినచో లోపల సుడి ఏర్పడును. 1982లో ఊర్మిళా గియా, కీర్తి గియా, షిన్ అను ముగ్గురు ఈ సుడి వేగములను ప్రక్కకు 129 బిందువుల చొప్పున జాలకము మీద లెక్కించి పట్టికలుగా ప్రకటించిరి. నాటి నుండి ద్రవ ప్రవాహపు ప్రోగ్రాము వ్రాసిన ప్రతివారును తమ జవాబును ఆ పట్టికలతో పోల్చుకొనుట పరిపాటి అయినది. ఉచితముగా లభించు ‘ఓపెన్‌ఫోమ్’ అను ప్రోగ్రామును నేర్చుకొనువారికి మొట్టమొదట ఇచ్చు అభ్యాసము కూడ ఈ పెట్టె లెక్కయే.

రంగులు చూపునది, దాచునది

లెక్క ముగిసిన తరువాత కంప్యూటరులో మిగులునది లక్షల అంకెల పట్టిక. దానిని మన కంటికి అందునట్లు చేయునది చిత్రము. ‘పారావ్యూ’ వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేయును. చిత్రము లేనిదే సుడి ఎక్కడ ఉన్నదో, భారము ఎటు ఒత్తుకొనుచున్నదో అంకెలలో వెదకి పట్టుకొనుట దుర్లభము. అయినను చిత్రమును చదువుటకు కొంత జాగ్రత్త కావలెను.

మొదటిది, రంగుల కొలబద్ద. మన రంధ్రపు లెక్కలో నీలమును 0కు, ఎరుపును 1000కి నిర్ణయించినచో గోడ ఎర్రగా, దూరపు రాయి నడిమి రంగులో కనిపించును. ఎరుపును 5000కు నిర్ణయించినచో అదే జవాబు చిత్రమంతయు నీలముగా, ఎంతో ప్రశాంతముగా కనిపించును. 510కి నిర్ణయించినచో గోడ నుండి చాల దూరము వరకు ఎరుపే. అంకెలు మారలేదు, బుద్ధి మాత్రము మోసపోయినది. కొలబద్ద అంకెలు లేని రంగుల చిత్రము స్కేలు లేని పటము వంటిది.

రెండవది, నునుపు. గడికి ఒక్క అంకె మాత్రమే ఉన్నను, చిత్రపు ప్రోగ్రాము పొరుగు గడుల రంగులను కలిపి నునుపుగా పూయగలదు. మోటు గడుల లెక్క కూడ అప్పుడు సూక్ష్మమైన లెక్క వలె కనిపించును. కావున నునుపు చేయని గడుల చిత్రమును ముందుగా చూడవలెను. మూడవది, కదలిక. కప్పు రెండు మిల్లీమీటర్లు దిగినచో చిత్రములో కనిపించదు కాబట్టి దానిని వంద రెట్లు, వెయ్యి రెట్లు పెంచి చూపుదురు. పెంపును గమనింపని వాడు కప్పు వ్రేలాడుచున్నదని భయపడును.

అన్నిటి కంటె మంచి చిత్రము చాల సాదా చిత్రము. గోడ నుండి బయటికి ఒక సరళరేఖ గీసి, ఆ రేఖ మీది జవాబులను గ్రాఫు కాగితము మీద చుక్కలుగా పెట్టి, వాని మీదుగా సూత్రము ఇచ్చిన వక్రరేఖను గీయవలెను. చుక్కలు వక్రరేఖ మీద పడినవా లేదా అనునది కంటికి వెంటనే తెలియును. ఎక్కడ తప్పినవో, ఎంత తప్పినవో కూడ తెలియును.

పరీక్ష లోపించిన ఒక లెక్క

గడుల లోపము ఎంత పని చేయగలదో చెప్పుటకు నార్వే దేశపు ఉదాహరణ ప్రసిద్ధమైనది. సముద్రములో నూనె తీయుటకు ‘స్లైప్నర్ – ఏ’ అను వేదిక కొరకు బ్రహ్మాండమైన కాంక్రీటు పీఠమును కట్టిరి. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ నగరము దగ్గరి సముద్రపు పాయలో దానిని పరీక్షార్థము నీటిలోనికి దించుచుండగా ఒక గోడ పగిలి, పీఠమంతయు మునిగి ముక్కలైపోయినది. ప్రాణనష్టము కలుగలేదు. నష్టము సుమారు 70 కోట్ల డాలర్లు.

విచారణలో తేలినదేమి? గోడలు కలియు మూలల వద్ద గడుల ఆకారము సరిగా లేనందున, అక్కడి కోత ప్రతిబలమును కంప్యూటరు లెక్క సుమారు 47 శాతము తక్కువగా చూపినది. ఆ లెక్కను నమ్మి గోడలను పలుచగా, ఉక్కును చాలీచాలకుండ పెట్టిరి. ప్రమాదము తరువాత జాగ్రత్తగా చేసిన లెక్క, గోడ 62 మీటర్ల లోతు వద్ద పగులునని చెప్పినది. నిజముగా పగిలినది 65 మీటర్ల వద్ద. అంటే శాస్త్రములో లోపము లేదు. అదే శాస్త్రము, సరియైన గడులతో, సరియైన జవాబు చెప్పగలిగినది.

మాదిరి లెక్కలో నెగ్గిన తరువాత

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి, మాదిరి లెక్కలో నెగ్గిన ప్రోగ్రాము గనిని గురించి చెప్పునదంతయు నిజమని భావింపరాదు. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నవి. సమీకరణమును సరిగా సాధించితిమా అనునది మొదటిది. సరియైన సమీకరణమునే సాధించితిమా అనునది రెండవది. మాదిరి లెక్క జవాబు చెప్పునది మొదటి దానికి మాత్రమే.

నిజమైన గ్యాలరీ గుండ్రముగా ఉండదు. నాలుగు మూలలు ఉండును. బొగ్గు పొర, ఇసుకరాయి, మెత్తని బంకరాయి ఒకదాని మీద నొకటి ఉండును. పగుళ్లు, వాని వెంట ఊరు నీరు, పాతకాలపు త్రవ్వకములు ఉండును. పిల్లర్లను తీయుచున్న కొలది భారము చోటు మారుచుండును. అందుచేత రెండవ ప్రశ్నకు సమాధానము గనిలోనే వెదకవలెను. కప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో, రూఫ్ బోల్టు ఎంత బరువు మోయుచున్నదో, పిల్లరులో నొక్కుడు ఎంత పెరిగినదో పరికరములతో కొలిచి, కంప్యూటరు ముందుగా చెప్పిన అంకెలతో పోల్చవలెను. రెండును కలియనిచో మార్చవలసినది కంప్యూటరులోని నమూనాను గాని, గనిలోని కొలతను కాదు. కప్పును తట్టి చూచు కార్మికుని చెవికి కూడ ఇందులో స్థానము కలదు. అదియు ఒక కొలతయే.

తరగతిలో చేయదగినవి

ఉన్నత పాఠశాలలో వీనిని చేయుటకు పెద్ద ప్రోగ్రాము అవసరము లేదు. పలక లెక్కకు గళ్ల కాగితము, పెన్సిలు చాలును. నలుగురు విద్యార్థులను నాలుగు బిందువులుగా నిలువబెట్టి, ప్రతివాడును పొరుగువారి అంకెల సగటును పలుక చెప్పినచో తరగతి అంతయు ఒక కంప్యూటరు అగును. ఒకడు తప్పు సగటు పలికినను తరువాతి చుట్లలో ఆ తప్పు ఎట్లు కరగిపోవునో చూడవచ్చును. అయితే అంచు అంకెను తప్పుగా పెట్టినచో ఎన్ని చుట్లు తిరిగినను అది కరగదు. ఈ భేదమును విద్యార్థులు స్వయముగా కనిపెట్టినచో అర్ధపాఠము పూర్తియైనట్లే.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచో, లెక్కల పట్టికలు వేయు సాధారణ ప్రోగ్రాములోనే ప్రతి గడిలోను ‘నాలుగు పొరుగుల సగటు’ అను సూత్రము వ్రాసి, మాటిమాటికి లెక్కించుమని ఆజ్ఞాపింపవచ్చును. అంకెలను బట్టి గడికి రంగు వేయు సదుపాయము కూడ అందులో కలదు. తొమ్మిది బిందువులతో ఒకసారి, నలుబది తొమ్మిది బిందువులతో ఒకసారి చేసి, నడిమి బిందువునకు, పై అంచునకు సరిగా మధ్యనున్న బిందువు వద్ద జవాబు 54.05కు ఎంత దగ్గరయినదో వ్రాసికొనవలెను. తరువాత రంగుల కొలబద్దను మార్చి, అవే అంకెలు ఎన్ని వేషములు వేయునో చూడవలెను.

కళాశాల విద్యార్థులు గుండ్రని రంధ్రపు లెక్కను పట్టవచ్చును. మూడు గడుల పరిమాణములతో, మూడు అంచుల దూరములతో తొమ్మిది జవాబులు సంపాదించి, వానిని ఒక పట్టికలో వ్రాసి, ప్రక్కన సూత్రపు జవాబును వ్రాయవలెను. ఆ పట్టికను వివరింపగలిగిన వానికి ప్రోగ్రాము తెలిసినట్లు. రంగుల చిత్రమును మాత్రమే చూపగలవానికి ఇంకను తెలియనట్లు.

రేపు ఈ విద్యార్థులలో కొందరు గని ఇంజనీర్లు కావచ్చును. ఎవరో ఒక రంగుల చిత్రమును వారి ముందు పెట్టి, ఈ గ్యాలరీ క్షేమమని చెప్పవచ్చును. అప్పుడు వారు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. లెక్క స్థిరపడినదా? గడిని సగము చేసినచో జవాబు మారినదా? అంచును దూరముగా జరిపి చూచితిరా? ఈ ప్రోగ్రాము చేసిన మాదిరి లెక్క ఏది, దాని జవాబు ఎంత వచ్చినది? ఈ నాలుగింటికి జవాబు వచ్చిన తరువాతనే ఆ చిత్రము మీద సంతకము చేయవలెను.